మల్లెపూల కట్టు

సత్యలక్ష్మి తోటలో మల్లెమొగ్గలు ఎండ పొడ తగలకముందే కోసెయ్యాలి. ఎండ తగిలితే మొగ్గ నోరు విప్పుతుంది. నోరు విప్పిన మొగ్గని రాజమండ్రి పూలబజారులో కన్నెత్తి చూసేవాళ్ళుండరు. అందుకే ఆ ఇంటి ఆడవాళ్ళు తల్లో పెట్టుకునేవి ఎప్పుడూ బుట్ట అడుగున నలిగి మిగిలినవే. మంచి మొగ్గలు ఇంట్లో ఉంచుకోవడమంటే విత్తనపు వడ్లు దంచుకు తినడమేనని ఆవిడ కోడలితో అంటూ ఉండేది. అంత గట్టి మనిషి పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదో సంవత్సరం వైశాఖంలో ఒకనాడు పొద్దున్నే రెండు దోసిళ్ళ మేలైన మొగ్గలు వేరుచేసి, తడిగుడ్డలో చుట్టి, కూతురి పురిటిగదిలోకి తెచ్చింది.

మంచం మీదున్న వీరవేణికి అవి తల్లోకి కావని చూడగానే తెలిసిపోయింది. మల్లెపూలు రొమ్ముకి కట్టి ఉంచితే పాలు ఇంకిపోతాయి. చిన్నప్పుడు పక్కింటి పిన్నికి పురిట్లోనే బిడ్డ పోతే అలాగే కట్టారు. ఆ గదంతా పెళ్ళివారిల్లులా గుబాళిస్తుంటే ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉండడం వీరవేణికి గుర్తుంది. బిడ్డ బతికుండగా ఎవరికైనా కట్టారని మాత్రం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆమె పక్కన పొత్తిళ్ళలో నాలుగు రోజుల ఆడపిల్ల పిడికిళ్ళు బిగించుకుని నిద్రపోతోంది.

ఇదంతా ఒక రక్తపరీక్షతో మొదలైంది. వీరవేణికి ఎనిమిదో నెలలో రాజమండ్రిలో డాక్టరు రాజరాజేశ్వరిగారు రక్తం తక్కువగా ఉందని, కాన్పులో ఎక్కించాల్సి రావచ్చని పరీక్షలకి పంపించింది. వచ్చిన కాగితంలో ఆస్ట్రేలియా యాంటిజెన్ పాజిటివ్ అని రాసి ఉంది. ఆ మాట విని వదిన రత్నమాణిక్యం పొట్ట పట్టుకుని నవ్వింది. పెళ్ళయ్యాక అన్నవరం కొండెక్కి వ్రతం చేసుకోవడం తప్ప కడియం, రాజమండ్రి దాటి ఎరగని పిల్లకి ఆస్ట్రేలియా ఎక్కడ తగిలిందంది. డాక్టరుగారు కూడా నవ్వి, అది హెపటైటిస్ బి అనే ఒక రకం కామెర్ల క్రిమికి గుర్తు అనీ, క్రిమి రక్తంలో నిద్రపోతోంది కాబట్టి పైకి ఏ జబ్బూ కనపడదనీ, బిడ్డ పుట్టగానే వెయ్యడానికి కొత్తగా ఒక టీకా వచ్చిందనీ చెప్పింది.

సత్యలక్ష్మి కామెర్లు అన్న మాట తర్వాత ఒక్క ముక్క వినలేదు. ఆరేళ్ళ క్రితం ఆవిడ భర్త జగన్నాథరావు కామెర్లతోనే పోయాడు. ఆకుపసరు పోయించింది. మోచేతి మీద వాత పెట్టించింది. నూనె చుక్క తగలకుండా నలభై రోజులు పథ్యం పెట్టింది. ఆయన కళ్ళు మాత్రం రోజురోజుకీ పసుపుముద్దల్లా అయిపోయాయి.

టీకా మద్రాసు నుంచి రావాలి. వీరవేణి భర్త నాగేశ్వరప్రసాద్ రాజమండ్రి స్టేషన్లో పార్శిల్ ఆఫీసు గుమాస్తా. అతను మెయిల్లో వచ్చే గార్డుని బతిమాలి, కాఫీ ఫ్లాస్కులో ఐసుముక్కల మధ్య దాన్ని తెప్పించి, కాన్పుకి వారం ముందే డాక్టరుగారి ఫ్రిజ్‌లో పెట్టించాడు. పిల్ల పుట్టిన పూటే డాక్టరుగారు స్వయంగా వచ్చి ఆ చిన్న తొడకి సూది వేసింది.

ఆసుపత్రిలో ఉన్న మూడు రోజులూ వీరవేణి పిల్లకి పాలు పట్టింది. డాక్టరుగారు పొద్దున్నే వార్డు చివరిదాకా నడుస్తూ, ముర్రుపాలు పారబొయ్యకండమ్మా, అందరూ పట్టండి అని చెబుతూ వెళ్ళేది. పిల్లకి మొదట రొమ్ము అందుకోవడం తెలియలేదు. రెండో రోజుకి తెలిసింది. ముక్కు నొక్కుకుపోయేలా ఆనుకుని, కళ్ళు మూసుకుని, మధ్యలో ఆగి ఆలోచించి మళ్ళీ తాగేది. వీరవేణి చిన్నప్పట్నుంచీ మాట తక్కువ మనిషి. ఏదైనా ఆగి చూడ్డం ఆమెకి అలవాటు. ఈ పిల్లని చూస్తుంటే మాత్రం ఎంతసేపు చూసినా చూసినట్టుండేది కాదు.

ఇంటికొచ్చిన మర్నాడు తెల్లారగట్ల పిల్ల తాగి వదిలేసరికి నాలుగు చుక్కలు తెల్లటి మల్లుగుడ్డ మీద పడి ఆరిపోయాయి. సాంబ్రాణి వెయ్యడానికి వచ్చిన సత్యలక్ష్మి ఆ గుడ్డ కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చూసింది.

"ఏంటే ఇది?"

"పాలమ్మా."

"పాలైతే పచ్చగా ఎందుకుంటాయి? పసుపునీళ్ళు చల్లినట్టుంది."

వీరవేణి చూసింది. నిజంగానే పచ్చగా ఉంది. డాక్టరుగారు పట్టమన్నారు కదా అంది మెల్లగా.

"పట్టమంది. ఎవరికి చెప్పింది? పది మంచాలున్నాయక్కడ. రక్తమే కదే పాలయ్యేది? ఆ రక్తంలో ఏముందో కాగితం మీద రాసిచ్చారు కూడాను. నీ మంచం దగ్గర ఆగి, నీ మొహం చూసి, నువ్వు పట్టు అని చెప్పిందా?"

వీరవేణి గుర్తు చేసుకుంది. డాక్టరుగారు ఆ మాట అంటున్నప్పుడు ఎనిమిదో మంచం కాగితాలు చూస్తోంది. వీరవేణిది ఏడో మంచం. అబద్ధమాడితే ఆ పూటకి గట్టెక్కేదే. కానీ నిజంగా తన పాలు మంచివో కావో తనకే తెలియనప్పుడు ఆ అబద్ధం ఎవరికోసం ఆడాలి? ఆమె లేదమ్మా అంది.

తర్వాత మూడు రోజులూ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి సత్యలక్ష్మి మొగ్గలు అరటినారతో దండ కట్టి, కూతురి రొమ్ముల మీద పరిచి, పాత చీర పేలికతో బిగించి కట్టింది. బుట్టకి పోవలసిన మొగ్గలు అలా వాడేస్తుంటే ఆవిడ చేతులు ఒక్కసారి కూడా తటపటాయించలేదు. అది చూస్తే వీరవేణికి తల్లి మీద కోపం తెచ్చుకోవడం కూడా చేతనయ్యేది కాదు. మొదటి రోజు రొమ్ములు రాళ్ళలా బిగిసి జ్వరం తగిలినట్టుంది. రెండో రోజుకి సలుపు తగ్గింది. మూడో రోజుకి మెత్తబడ్డాయి. ఆ సుఖమే ఆమెని భయపెట్టింది.

పిల్లకి రత్నమాణిక్యం పాలిచ్చేది. ఆమె కొడుక్కి ఎనిమిదో నెల. తల్లి ఒళ్ళో ఇంకో తల కనపడగానే వాడు జుట్టు పట్టుకుని పీకేవాడు.

"నీ కూతురొచ్చి నా కొడుక్కి సవతిపోరు తెచ్చిపెట్టింది వేణీ," అనేది రత్నమాణిక్యం, ఒకరిని చంకలో నొక్కిపెట్టి ఇంకొకరికి రొమ్మిస్తూ.

మాట సరదాగానే ఉండేది గానీ ఇద్దరికి సరిపడా పాలు ఆమెకి లేవు. తక్కువైనప్పుడల్లా ఆవుపాలలో నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో పోసేవారు. పిల్ల తాగినంతా కక్కేసేది. వీరవేణి మంచం మీంచి దణ్ణెం మీద ఆరేసిన గుడ్డలు లెక్కపెట్టేది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఎనిమిది తడిపింది. తర్వాత ఆరు. ఇవాళ సాయంత్రానికి నాలుగే. ఏడుపు కూడా సన్నబడింది. ఇంట్లో అందరూ పిల్ల బుద్ధిమంతురాలు, ఏడవట్లేదు అంటున్నారు.

ఇంకో రెండు రోజులు పూలు కడితే ఇక అడిగినా పాలుండవని వీరవేణికి అర్థమైంది. తను వెళ్ళి అడగాలంటే పదకొండు రోజుల బాలింత అయ్యేదాకా గడప దాటనివ్వరు. భర్త ఆదివారం గాని రాడు. అప్పుడామెకి చిట్టియ్య గుర్తొచ్చాడు.

చిట్టియ్య వాళ్ళ పూలబుట్టలు సైకిలు మీద కట్టుకుని రోజూ కాలవగట్టు మీదుగా రాజమండ్రి వెళ్ళే పెద్దాయన. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఆయన మొగ్గల కోసం వచ్చేసరికి ఆడవాళ్ళంతా తోటలో ఉంటారు. వీరవేణి ఏడో తరగతి దాకా చదివింది. అన్న పెదబాబు పాత నోటుపుస్తకం లోంచి ఒక కాగితం చింపుకుని, పిల్ల పక్కన కూర్చుని రాసింది.

"డాక్టరుగారికి ఏడో మంచం వీరవేణి నమస్కరించి వ్రాయునది. నా రక్తంలో ఆస్ట్రేలియా ఉందని మీరు చెప్పారు. పాపకి టీకా మీరే వేశారు. నా పాలు పచ్చగా ఉన్నాయని మా అమ్మ పట్టనివ్వడం లేదు. పాలు ఇంకడానికి మూడు రోజులనుంచి మల్లెపూలు కడుతున్నారు. మీరు రోజూ పాలు పట్టమని చెప్పింది అందరికీనా, నాక్కూడానా? నాక్కూడా అయితే ఒక ముక్క రాసి పంపించండి. కాకపోయినా రాసి పంపించండి. మళ్ళీ అడగను."

మర్నాడు బుట్టలు కట్టుకుంటున్న చిట్టియ్యకి కిటికీలోంచి ఆ కాగితం అందించింది. ఆయన దాన్ని తలపాగాలో దోపుకుంటూ, ఎవరికమ్మాయిగారూ, మా ప్రసాద్ బాబుకా అని ముసిముసిగా నవ్వాడు. డాక్టరుగారికని చెప్పి, జవాబు లేకుండా రావద్దని చెప్పేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. పిల్ల వైపు ఒకసారి తొంగిచూసి, అలాగేనండి అని సైకిలెక్కాడు.

ఆ పూట కట్టు మార్చడానికి తల్లి వస్తే వీరవేణి మొదటిసారి అడ్డం చెప్పింది. చిట్టియ్య తిరిగొచ్చేదాకా వద్దంది. ఉత్తరం సంగతి విని సత్యలక్ష్మి మొగ్గల గుడ్డ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. నాకు చెప్పకుండా రాశావా అని మాత్రం అడిగింది.

చిట్టియ్య మామూలుగా పదింటికి వచ్చేస్తాడు. ఆ రోజు పన్నెండు దాటాక వచ్చాడు. డాక్టరుగారు ఆపరేషన్లో ఉంటే మెట్ల మీద కూర్చున్నాడట. బయటికొచ్చాక ఆవిడ ఉత్తరం నిలబడే చదివి, కుర్చీ లాక్కుని, చుట్టూ జనం ఉండగానే జవాబు రాసిందట. ఉత్తరాన్ని రత్నమాణిక్యం పైకి చదివింది.

"వీరవేణికి. నీక్కూడా. అందరికీ చెప్పినప్పుడు నేను నీ సంగతి మరిచిపోలేదు. నీ కాగితాలన్నీ చూసే చెప్పాను. నీ దగ్గర ఆగి విడిగా చెప్పకపోవడం నా తప్పు. ఈ క్రిమి తల్లినుంచి బిడ్డకి అంటుకునేది ఎక్కువగా కాన్పు సమయంలో, రక్తం వల్ల. అందుకే పుట్టిన పూటే టీకా వేశాను. పాలు పడితే ఆ ప్రమాదం పెరగదు. మానేస్తే తగ్గదు. ముర్రుపాలు ఏ తల్లికైనా పచ్చగానే ఉంటాయి. పూలు వెంటనే తీసెయ్యి. పాలు తగ్గిపోయినా బెంగపడకు, రెండు గంటలకోసారి పిల్లని రొమ్ముకి పెట్టు. పిల్ల లాగుతుంటే పాలు మళ్ళీ పడతాయి. చనుమొన పగిలి రక్తం వస్తే మాత్రం ఆ వైపు మానేదాకా పిండి పారబోసి, రెండోవైపు పట్టు. నెలకి రెండో టీకా, ఆరో నెలలో మూడోది. ఇవి తప్పకూడదు. టీకా వేసినా నూటికి కొద్దిమంది పిల్లలకి రావచ్చు, ఏడాది దాటాక పాప రక్తం చూద్దాం. వచ్చినా అది పాల వల్ల వచ్చినట్టు కాదు. పిల్ల నీరసంగా ఉంటే ఆగకుండా తీసుకురా. వచ్చేటప్పుడు మీ అమ్మగారిని కూడా తీసుకురా."

సత్యలక్ష్మి ఇంకోసారి చదవమంది. రత్నమాణిక్యం మళ్ళీ చదివింది. పచ్చగానే ఉంటాయన్న చోట ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఉంటాయంటుందేంటి? ఇద్దరిని కన్నాను. నా పాలు నేను చూసుకోలేదా?"

"ఎప్పుడు చూశారత్తయ్యగారూ?" అంది రత్నమాణిక్యం. "మూడ్రోజులూ మంత్రసాని మూకుట్లో బూడిద పట్టుకుని కూర్చుని అందులోకి పిండించేసేదని మీరే చెప్పారు కదా. నాక్కూడా మా అమ్మ అంతే చేసింది. బూడిదలో పడ్డాక పచ్చేంటి, తెలుపేంటి?"

సత్యలక్ష్మి లేచి, ఆ మరకల గుడ్డ మడిచి బొడ్లో దోపుకుని, మడత విప్పని ఇంకో తెల్లగుడ్డ చేత పట్టుకుని బయటికి వెళ్ళింది.

ఆవిడ వెళ్ళింది కిరాణాకొట్టు కుక్కుటేశ్వరరావుగారింటికి. వాళ్ళమ్మాయి రమాదేవి పురిటికొచ్చి, కొడుకు పుట్టి మూడు రోజులైంది. ఆ పిల్లకి కామెర్లూ లేవు, ఆస్ట్రేలియా లేదు. అక్కడ ఏం చెప్పిందో, ఎలా అడిగిందో వీరవేణికి తర్వాత కూడా పూర్తిగా తెలియలేదు. వాళ్ళింట్లో ఇంకా బూడిద మూకుడు మంచం కిందే ఉందని మాత్రం చెప్పింది. గంట తర్వాత ఎండలో చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, రెండు గుడ్డలూ మంచం మీద పక్కపక్కనే పరిచింది. ఒకదాని మీద నాలుగు చుక్కలు. ఇంకోదాని మీద మూడు.

"ఏది నీదో చెప్పు," అంది.

మూడు రోజులు కళ్ళ ముందున్న మరకే అయినా వీరవేణి రంగు చూసి చెప్పలేకపోయింది. చుక్కలు లెక్కపెట్టి చెప్పాల్సి వచ్చింది. రమాదేవి చుక్కలు ఇంకొంచెం ముదురుగానే ఉన్నాయి.

"అయితే షావుకారుగారమ్మాయికి కూడా ఆస్ట్రేలియా వచ్చేసినట్టే," అంది రత్నమాణిక్యం.

సత్యలక్ష్మి వచ్చి కూతురి వెనక కూర్చుని చీర పేలిక ముడి విప్పడం మొదలుపెట్టింది. పొద్దున్న మార్చని కట్టు కాబట్టి మొగ్గలు విచ్చి, రంగు మారి, చర్మానికి అంటుకుపోయి ఉన్నాయి. ఒక్కొక్కటే తీస్తూ, ఎవరితోనో అన్నట్టు, ఎంతమందివి బూడిదలో పోశామో అంది. నీళ్ళు కాచి తెచ్చి తనే తుడిచింది. చివరికి పిల్లనెత్తి వీరవేణి ఒళ్ళో పెట్టింది.

పిల్ల అందుకుంది. నాలుగుసార్లు లాగింది. ఏమీ రాలేదు. మొహం ఎర్రగా చేసుకుని వదిలేసి ఏడ్చింది. అటువైపు పెట్టారు. అక్కడా అంతే. కట్టు విప్పితే చాలు అంతా చక్కబడుతుందని వీరవేణి మనసులో ఎక్కడో అనుకుంది.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో అందరికీ ఒకటే పని. రెండు గంటలకోసారి ముందు వీరవేణి దగ్గర పిల్లని పెట్టేవారు. అది లాగి లాగి విసిగి ఏడుపందుకున్నాక రత్నమాణిక్యం తీసుకునేది. ముందు నీ ఉత్త సంచీ, తర్వాత నా సగం సంచీ అనేది. మర్నాడు కొడుక్కి జావ ఎక్కువ పట్టించి పిల్ల వంతు పెంచింది. సత్యలక్ష్మి అప్పటిదాకా కామెర్ల పథ్యమని కూతురికి చారన్నమే పెడుతోంది. ఇప్పుడు పాలు పడాలని తెలగపిండి కూర వండింది. వెల్లుల్లి వేయించి పెట్టింది. పెదబాబుని పంపించి సొరచేప తెప్పించి పిట్టు చేసింది. నూనె గరిటె గిన్నెలోకి వంచే ముందు మాత్రం ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగేది. వీరవేణి అది చూసేది, చూడనట్టుండేది.

రెండో రోజు సాయంత్రం పిల్ల వదిలాక చనుమొన చివర తెల్లటి చుక్క ఒకటి నిలిచింది. ఉబికింది గానీ జారలేదు. దాన్ని చూపిద్దామని వదినని పిలిచేలోపు పిల్ల మళ్ళీ అందుకుంది.

మూడో రోజు ఇంకో చిక్కొచ్చింది. ఊరికే లాగీ లాగీ ఎడమవైపు చనుమొన చీరుకుపోయింది. పిల్ల పెదవి మీద దారప్పోగంత ఎర్రటి గీత. వీరవేణి పిల్లని తీసేసి, చీరకొంగుతో ఆ పెదవి తుడిచి, తల్లి వైపు చూసింది. మళ్ళీ మొగ్గల గుడ్డ తెస్తుందేమోనని వీరవేణి పిల్లని గట్టిగా పట్టుకుంది.

సత్యలక్ష్మి ట్రంకుపెట్టె తీసి, పట్టుచీర మడతల్లోంచి ఉత్తరం తెచ్చి కోడలి చేతికిచ్చింది. రక్తం సంగతి రాసింది కదా, ఆ ముక్క ఒక్కటే చదవమంది. రత్నమాణిక్యం చదివింది. ఆ వైపు మానేదాకా పిండి పారబోసి, రెండోవైపు పట్టు.

"ఒక్క వైపే కదా మానమంది," అంది సత్యలక్ష్మి. "రెండోవైపు పట్టమంది కదా. మరి పట్టు. చూస్తావేంటి?"

నాలుగు రోజులు ఎడమవైపు పిండి పెరట్లో పారబోశారు. పిండడం కూడా సత్యలక్ష్మే దగ్గరుండి చూసుకుంది. వేడి గుడ్డ అద్దేది. పుండు మీద ఎవరో చెప్పిన ఆకు నూరి రాయబోయి, ఉత్తరంలో లేదని మానేసింది. కుడివైపు ఒక్కటే అయినా పిల్ల దాన్ని వదల్లేదు. ఆదివారం వచ్చిన నాగేశ్వరప్రసాద్ సంగతంతా విని, నాకు ఫోను చేయించి ఉంటే నేనే వెళ్ళి అడిగేవాణ్ణి కదా అన్నాడు. స్టేషన్‌కి ఫోను చెయ్యడానికి ఈ ఊళ్ళో ఫోను ఎక్కడుందో చెప్పమంది రత్నమాణిక్యం. పోస్టాఫీసులో అన్నాడు. బాలింత నడిచి వెళ్ళాల్సిందా అంది. అతను మాట మార్చి పిల్లనెత్తుకున్నాడు.

పిల్ల పుట్టిన పద్నాలుగో రోజు మధ్యాహ్నం వీరవేణి దానికి పాలిస్తూ కునికిపాట్లు పడుతోంది. గుటక చప్పుడు వినపడి మెలకువొచ్చింది. ఒకటి కాదు. గుటక వెంట గుటక. రెండో రొమ్ము తనంతట తనే కారి రవిక తడిసిపోతోంది. పిల్ల ఒకచోట పొలమారి, దగ్గి, కోపంగా చూసి, మళ్ళీ మొదలుపెట్టింది. వీరవేణి ఎవరినీ పిలవలేదు. ఆ చప్పుడు మొదట తనొక్కతే వినాలనిపించింది. ఆ సాయంత్రం దణ్ణెం మీద తొమ్మిది గుడ్డలున్నాయి. రత్నమాణిక్యం నడుం పట్టుకుని, ఇవన్నీ ఉతికే సవతి ఎవరో వస్తే బాగుండునని గొణిగింది.

నెల నిండిన మర్నాడు అందరూ రాజమండ్రి వెళ్ళారు. రెండో టీకా ఫ్లాస్కుతో నాగేశ్వరప్రసాద్ స్టేషన్ నుంచి నేరుగా ఆసుపత్రికొచ్చాడు. డాక్టరుగారు పిల్లని తూకం వేయించి, ముల్లు చూసి, ఆ తర్వాత వీరవేణిని చూసింది. ఉత్తరం రాసింది నువ్వేనా అని అడిగింది. అవునండి అంది వీరవేణి. ఇప్పుడు వార్డులో నడుస్తూ చెప్పడం మానేశాననీ, ఒక్కో మంచం దగ్గరా ఆగుతున్నాననీ, దానివల్ల రోజూ గంట ఆలస్యమవుతోందనీ ఆవిడ చెప్పింది. ఆ చెప్పడంలో ఫిర్యాదేమీ లేదు.

ఆ తర్వాత సత్యలక్ష్మి వైపు తిరిగి, ఇంట్లో అందరి రక్తమూ చూడాలని చెప్పింది. క్రిమి లేనివాళ్ళకి టీకా వెయ్యొచ్చు. ఉన్నవాళ్ళు ఏడాదికోసారి చూపించుకుంటూ జాగ్రత్తగా ఉండొచ్చు. ముందు మీదేనండి అంది.

సత్యలక్ష్మి కుర్చీ అంచున కూర్చుని చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది. వీరవేణికి తెలుసు, ఆ ఉత్తరం చదివిన రోజునుంచీ తల్లి ఏదో అడగాలని, అడగలేక లోపలే దాచుకుంటోందని.

"నాకుంటే," అంది సత్యలక్ష్మి, "దీనికి నా వల్లే వచ్చినట్టా అండి? మూడ్రోజుల తర్వాత నా పాలే తాగింది. రెండేళ్ళు తాగింది."

"ఉంటే కాన్పులో వచ్చి ఉండొచ్చు. లేదా ఎక్కడో సరిగ్గా మరగబెట్టని సూది వల్ల వచ్చి ఉండొచ్చు. అది ఇప్పుడు ఎవరూ చెప్పలేరండి. పాల వల్ల మాత్రం అనుకోకండి. మీ రోజుల్లో ఈ టీకా లేదు. ఉండి ఉంటే మీరు వేయించకుండా ఉండేవారా?"

"మద్రాసు నడిచెళ్ళైనా తెచ్చేదాన్నండి."

డాక్టరుగారు తలూపి పిల్ల తొడ మీద దూది రాసింది. సూది దిగగానే పిల్ల ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాత ఆసుపత్రి పెంకులెగిరేలా ఏడ్చింది. బయట వరండాలో బల్లల నిండా జనం. చివర ఒక మూల ఖాళీ దొరికితే వీరవేణి కూర్చుని రవిక ముడి విప్పింది. పిల్ల ఏడుస్తూనే వెతుక్కుని, అందుకుని, ఏడుపు మధ్యలోనే మింగింది. కాసేపటికి వెక్కిళ్ళు మాత్రం మిగిలాయి. ఒక చెయ్యి విప్పుకుని తల్లి మెడ కింద పరిచి పెట్టుకుంది.

సత్యలక్ష్మి ఎదురుగా వచ్చి నిలబడి, జనానికి అడ్డంగా చీరకొంగు బారున విప్పి పట్టుకుంది. లోపల్నుంచి నర్సు గుమ్మంలోకి వచ్చి పిలిచింది.

"సత్యలక్ష్మిగారంటే ఎవరండి? రక్తం తియ్యాలి, రండి."

"నేనేనండి," అంది సత్యలక్ష్మి, తల తిప్పకుండానే. "పిల్ల తాగుతోంది. అయ్యాక వస్తాను."

నర్సు ఆ కొంగు వైపూ, దాని వెనక నుంచి కనపడుతున్న చిన్న పాదాల వైపూ చూసి, సరే కానివ్వండి అని ఇంకొకరి పేరు పిలిచింది.